సర్వీసు పుస్తకములోని స్వగ్రామము

(సంఘ వార్షికోత్సవ సభకై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగములో చేరిన ప్రతివారికి ఒక సర్వీసు పుస్తకము ఏర్పడును. పుట్టినతేది, విద్యార్హతలు, జీతపు మెట్లు, సెలవుల లెక్కలు అందులో క్రమముగా ఎక్కుచుండును. వానితోపాటు ఒక చిన్న వివరము కూడ ఎక్కును. అది స్వగ్రామము. కార్యాలయములలో దానిని హోంటౌను అందురు. 1956లో ఎల్.టి.సి. అను ప్రయాణపు రాయితీ ఏర్పడినది మొదలు ఈ వివరమునకు విలువ వచ్చినది. రెండేండ్లకొకమారు ఉద్యోగి కుటుంబముతో తన ఊరికి పోయివచ్చుటకు ప్రభుత్వము ఛార్జీలు భరించును. ఏ ఊరికి? ఉద్యోగి తన సంతకముతో ప్రకటించిన ఊరికి.

ఈ ప్రకటనను ఇచ్చవచ్చినట్లు మార్చుకొనుటకు వీలులేదు. ఒకమారు ప్రకటించినదే సాధారణముగా తుదిమాట. తగిన కారణము చూపినచో పై అధికారి అనుమతితో మార్చుకొనవచ్చును గాని, ఉద్యోగకాలమంతటిలో ఆ మార్పు ఒక్కసారికి మించరాదు. ప్రకటించిన ఊరు నిజముగా స్వగ్రామమా కాదా అని తేల్చుటకు నిబంధనలలో కొన్ని ప్రశ్నలు కలవు. ఉద్యోగ నిమిత్తము దూరముగా ఉండనిచో ఆ మనిషి సహజముగా కాపురముండు చోటు అదియేనా? అచ్చట అతనికి ఆస్తి కలదా? దగ్గరి బంధువులు అచ్చట నివసించుచున్నారా? ఉద్యోగములో చేరుటకు ముందు అతడచ్చట కొన్నేండ్లు ఉండెనా?

కార్యాలయపు భాషలో పొడిగా వ్రాసిన ప్రశ్నలివి. అయినను ఇంటికి దూరముగా బ్రదుకు మనిషి రాత్రివేళ నిద్రపట్టనప్పుడు తన్ను తాను అడుగుకొనునవి కూడ ఇంచుమించు ఇవియే. ఈ ప్రసంగము ఆ ప్రశ్నలను గూర్చియు, అందులో చేరని మరియొక ప్రశ్నను గూర్చియు.

ఇంటికి దూరమైనవాని బాధకు తెలుగులో మంచి మాట యున్నది. అది బెంగ. అమ్మమ్మగారింట విడిచివచ్చిన పిల్ల అన్నము ముట్టక మూల గూర్చుండినచో “అమ్మమీద బెంగ పెట్టుకొన్నది” అందురు. పెద్దవారిని గూర్చి అట్లనరు. “ఊరిమీదికి గాలి మళ్ళినది” అందురు. పెద్దవారికి బెంగ యుండదని కాదు. దానిని ఒప్పుకొనుటకు వారు సిగ్గుపడుదురు.

ఐరోపాలో ఈ బాధను వ్యాధిగా ఎంచిన కాలమొకటి యుండెను. 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసములో దీనికి గ్రీకు మాటలతో నోస్టాల్జియా అను పేరు కూర్చెను. నోస్టోస్ అనగా ఇంటికి తిరిగివచ్చుట. ఆల్గోస్ అనగా నొప్పి. అతడు వర్ణించిన రోగులలో బెర్న్ నగరమునుండి బాసెల్‌కు చదువుకొనవచ్చిన ఒక యువకుడు కలడు. ఆ రెండు ఊళ్ళకు నడుమ నూరు కిలోమీటర్ల దూరమైనను లేదు. ఇంటికి ప్రయాణము కట్టించగానే ఆ యువకుడు కోలుకొనెనట. బండి యింకను కదలకముందే, ప్లాట్‌ఫారముమీద తెలుగు మాట చెవినిబడగానే ప్రాణము లేచివచ్చిన అనుభవము గలవారికి ఇందులో వింత తోచదు.

అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే కాళిదాస మహాకవి ఈ బాధను మేఘసందేశమున కావ్యవస్తువుగా గ్రహించెను. అందులోని యక్షుడును కొలువుకాడే. తన విధిలో ఏమరుపాటు చూపినందున ప్రభువైన కుబేరుడు అతనిని ఒక సంవత్సరము ఇల్లాలికి దూరముగా ఉండుమని శపించెను. అతడు రామగిరిపై దినములు లెక్కించుచు గడపెను. ఆ రామగిరి నాగపురమునకు సమీపమున నున్న రామ్‌టేక్ అని పండితులు పలువురు చెప్పుదురు. యక్షుడు మేఘమునకు చెప్పిన త్రోవలో విదిశ కలదు. విజయవాడనుండి ఢిల్లీకి పోవు రైలు కూడ నాగపురము మీదుగ, విదిశ మీదుగ పోవును. యక్షుని ఇల్లు ఉత్తరమున, ప్రవాసము దక్షిణమున. తెలుగు ఉద్యోగి ఇల్లు దక్షిణమున, కొలువు ఉత్తరమున. త్రోవ మాత్రము చాల దూరము ఒక్కటే.

అయితే ఒక భేదము కలదు. యక్షునిది శిక్ష. ఉద్యోగి మాత్రము పరీక్ష వ్రాసి, ఫలితమునకై వేంకటేశ్వరునకు మ్రొక్కుకొని, నియామక పత్రము చేతికందిననాడు వీధిలో మిఠాయి పంచి బయలుదేరినవాడు. యక్షునికి గడువు ఒక్క సంవత్సరము, ఉద్యోగికి ముప్పదియైదేండ్లు. కోరి తెచ్చుకొన్న దూరము గనుక ఆ బాధను ఎవరితోడను చెప్పుకొన వీలులేదు.

అట్టి ఉద్యోగి నొకనిని తలచుకొనవచ్చును. అతని పేరుతో పనిలేదు. ఇట్టివారు ఏ తెలుగు సంఘపు సభలోనైనను ప్రతి వరుసయందును కనబడుదురు. ఇతడు 1946లో కోనసీమలో, అమలాపురమునకు సమీపమున నొక పల్లెలో జన్మించెను. 1968లో గుమాస్తాగా ఢిల్లీ చేరెను. సర్వీసు పుస్తకములో స్వగ్రామమని ఆ పల్లె పేరు వ్రాసి సంతకము చేసెను. వ్రాయునప్పుడు అతనికి క్షణమైన ఆలోచన కలుగలేదు. ఇల్లనగా మరియొకటి యుండునని ఇరువదిరెండేండ్ల వయసున ఎవరికి తోచును?

కరోల్‌బాగులో నలుగురు బ్రహ్మచారులు కలిసి అద్దెకు తీసికొన్న గదిలో అతని కాపురము మొదలయ్యెను. ఢిల్లీనుండి ఆకాశవాణి తెలుగు వార్తలు ప్రసారమైన రోజులవి. ప్రొద్దుట ఆ పదినిమిషములు గదిలో ఎవరును పెదవి కదపెడివారు కారు. వార్తలు ఏవైనను ఒకటే. చదువు గొంతు తెలుగైన చాలును. ఆ యేటి ఉగాదికి పచ్చడి చేయబోగా మామిడికాయ దొరకెను గాని వేపపువ్వు దొరకలేదు. కొత్తఢిల్లీ వీధులలో వేపచెట్లకు కొదువలేదు. అయితే చలి ఆలస్యముగా వదలు ఆ ప్రాంతమున, ఉగాది తొందరపడి వచ్చిన యేడు, వేప ఇంకను పూతకు రాదు. శ్రావణమాసము సంగతియు అట్టిదే. ఉత్తరాదివారు మాసమును పూర్ణిమతో ముగింతురు, తెలుగువారు అమావాస్యతో ముగింతురు. అందువలన ఇరుగుపొరుగువారి శ్రావణము సాధారణముగా పదునైదు దినములు ముందే మొదలగును. వారు సోమవారపు ఉపవాసములలో నుండగా తెలుగింట ఇంకను ఆషాఢమే. కాలము సైతము రెండు లెక్కలుగా నడచుచున్నట్లు అతనికి తోచెడిది.

బెంగ కలిగినవాని కన్ను లేనిదానినే వెదకును. గోంగూర దొరకదని అతడు ఏండ్ల తరబడి వాపోయెను. నాగపురమునకు బదిలీయై వెళ్ళిన మిత్రుడు, అచ్చటి సంతలో అంబాడి అను పేరుతో అమ్మునది గోంగూరయేనని వ్రాసినను ఇతడు నమ్మలేదు. పేరు మారిన వస్తువు అతనికి తన వస్తువుగా తోచలేదు.

కొంతకాలమునకు వివాహమయ్యెను. సరోజినీనగరులో ప్రభుత్వపు క్వార్టరు లభించెను. ప్రక్కవాటాలో లాహోరునుండి వచ్చిన పంజాబీ పెద్దగుమాస్తా కాపురముండెను. సంక్రాంతి దినములలో, పొగమంచు క్రమ్మిన ఒక రాత్రి, ఆ పంజాబీవారు లోహ్డీ మంట వేసిరి. దాదాపు అదే తిథికి తెలుగువారి భోగిమంట. రెండు కుటుంబములు ఒక్క మంటచుట్టు కూర్చుండెను. తెలుగు గుమాస్తా తన ఊరి ప్రభల తీర్థమును గూర్చి, కొబ్బరితోటలను గూర్చి, ఊరికి పోయి రెండేండ్లైన సంగతిని గూర్చి చెప్పి నిట్టూర్చెను. ఆ పెద్దమనిషి అంతయు విని, తాను 1947లో లాహోరు ఇంటికి తాళము వేసి వచ్చితిననియు, ఆ తాళపుచెవి యింకను పెట్టెలోనే యున్నదనియు, అచ్చటికి తీసికొనిపోవు సెలవు ఏ అధికారి చేతిలోను లేదనియు మెల్లగా చెప్పెను. అంతే. మరల ఆ మాట ఎత్తలేదు. తెలుగు గుమాస్తా ఆ రాత్రి తన బెంగకు సిగ్గుపడెను. తనకు కనీసము దిగుటకొక స్టేషను కలదు.

ఆ స్టేషనుకు చేరు ప్రయాణమును ఎరుగని తెలుగువారు ఉత్తరాదిన లేరు. ఢిల్లీనుండి వచ్చు బండి బల్లార్షా దాటి సిర్పూరు కాగజ్‌నగరు చేరుసరికి స్టేషను పలకలపై తెలుగు అక్షరములు కనబడును. అంతవరకు పై బల్లమీద పరుండిన మనిషి లేచి కిటికీ చేరును. మంచిర్యాల దాటిన పిదప గోదావరి వంతెన వచ్చును. చేతిలోని నాణెమును నీటిలోనికి విసరి దండము పెట్టనివారుండరు. కోనసీమవానికి విజయవాడలో బండి మారి, కొవ్వూరు దాటి, రాజమండ్రి వంతెనపై అదే గోదావరిని మరల చూచు భాగ్యము కలుగును. అచ్చటనుండి బస్సు. వీధి అరుగుమీద తల్లి.

ఆ తల్లికి చదువు రాదు. ప్రక్కింటి చిన్నపిల్లచేత ఇన్‌లాండు ఉత్తరములు వ్రాయించెడిది. “ఉభయకుశలోపరి” అని మొదలై, “ఇచ్చట అందరము క్షేమము” అని ముగియు ఉత్తరములు. కుమారుడు నెలనెల మనియార్డరు పంపెడివాడు. మనియార్డరు ఫారముయొక్క క్రింది ముక్కలో నాలుగు మాటలు వ్రాయుటకు చోటుండెడిది. డబ్బు అందుకొన్నవారికి ఆ ముక్క మిగిలెడిది. అతడు ఆ చోటును ఎన్నడును ఖాళీగా విడువలేదు.

1990 మాఘమాసమున ఒక సాయంకాలము తంతి వచ్చెను. ఆ రోజులలో తంతివాడు తలుపు తట్టినచో విప్పకముందే ఇంటిల్లిపాదికి కాళ్ళు వణకెడివి. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసినది గాని, ఆ తలుపు చప్పుడు జ్ఞాపకమున్నవారు ఇంకను పలువురు కలరు. రిజర్వేషను లేక, సాధారణపు పెట్టెలో నిలుచుండి, రెండు రాత్రులు ప్రయాణము చేసి అతడు ఇల్లు చేరెను. అప్పటికే తమ్ముని చేతిమీదుగా దహనము జరిగిపోయెను.

పదునొకండవనాడు తల్లి రేకుపెట్టె తెరచిరి. అందులో రెండు చీరలు, ఒక కుంకుమబరిణ, దారముతో కట్టిన మనియార్డరు ముక్కలు ఉండెను. ఇరువదిరెండేండ్ల ముక్కలు, రెండువందలకు పైగా నుండెను. చదువురాని ఆమె వానిని ఒక్కటియు పారవేయలేదు. కుమారుడు అరుగుమీద కూర్చుండి ఆ ముక్కలన్నియు వరుసగా చదివెను. చెరువు నిండినదా? పెరటి మామిడి ఈ యేడు కాచినదా? తీర్థము ఏనాడు? ప్రభ ఎవరు కట్టిరి? కాలువకు నీరు వదలిరా? ప్రతి నెల ఊరిని గూర్చి ప్రశ్నలు. తల్లికి మోకాళ్ళ నొప్పులని అతనికి తెలియును. “నొప్పి ఎట్లున్నదమ్మా” అను మాట ఆ రెండువందల ముక్కలలో ఎచ్చటను లేదు.

అతడు కఠినుడు కాడు. తల్లిని మరచినవాడును కాడు. అతని బెంగ తల్లిని, చెరువును, మామిడిచెట్టును కలగలిపి ఒకే చిత్రముగా చేసికొనెను. ఆ చిత్రములో తల్లి ఎల్లప్పుడు అరుగుమీద ఆరోగ్యముగా కూర్చుండి యుండును. చిత్రములోని మనిషికి మోకాళ్ళు నొప్పి పెట్టవు. దూరముననున్నవారు చేయు తప్పులలో ఇది మిక్కిలి సాధారణమైనది, మిక్కిలి బాధాకరమైనది. ఊరు ఆగిపోయి తమకొరకు వేచియున్నదని వారనుకొందురు. ఊరు ఆగదు.

ఊరు ఆగదనుటకు ఆ సర్వీసు పుస్తకపు పంక్తియే సాక్షి. ఈ ఉద్యోగి జన్మించినప్పుడు అతని పల్లె మద్రాసు ప్రెసిడెన్సీలో నుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములోనికి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోనికి వచ్చెను. 2022 ఏప్రిల్‌లో తూర్పుగోదావరి జిల్లానుండి విడివడి కోనసీమ జిల్లాలో చేరెను. అతని సరసన పనిచేసిన ఓరుగంటి మిత్రుడు హైదరాబాదు సంస్థానమున జన్మించి, ఆంధ్రప్రదేశ్‌లో ఎదిగి, 2014 జూన్ 2 తరువాత తెలంగాణవాడయ్యెను. ఊళ్ళు ఉన్నచోటనే యున్నవి. వాని పైపేర్లు మాత్రము మారుచు వచ్చినవి.

కొన్ని ఊళ్ళు ఉన్నచోటనైన లేవు. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు, 1980ల ఆరంభమున, కర్నూలు, మహబూబునగరు జిల్లాల పల్లెలు అనేకము నీట మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయిరాయిగా విప్పి ఆలంపురమునకు తరలించిరి. సప్తనదీ సంగమమునొద్ద నున్న సంగమేశ్వరాలయము నేటికిని వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడి, వరదతో మరల మునుగును. ఆ పల్లెలనుండి కొలువులకు వచ్చినవారును కలరు. వారు ప్రకటించిన స్వగ్రామములు నీటిలో నున్నవి. సర్వీసు పుస్తకములలోని అక్షరములు మాత్రము తడియక యున్నవి.

ఇక ఏది ఇల్లు? తాతముత్తాతల నేలయే ఇల్లనుకొన్నచో, బర్మానుండి మరలినవారి సంగతి ఎట్లు? 1962లో అచ్చట సైనిక పాలన వచ్చిన పిమ్మట రంగూనును విడిచి విశాఖపట్టణము చేరిన తెలుగు కుటుంబములు అనేకము. నేటికిని అచ్చట బర్మా క్యాంపు అను పేట కలదు. తెలుగుదేశమునకే వచ్చిరి, తెలుగు మాటల నడుమనే కాపురముండిరి. అయినను రంగూనులో పుట్టిన పిల్లలు రంగూనుపై బెంగపెట్టుకొనిరి. బాల్యము గడచిన చోటును మనసు ఇల్లని వ్రాసికొనును. ఆ వ్రాతకు పెద్దల అనుమతి అక్కరలేదు.

ఈ సంగతి ఆ ఉద్యోగికి తన కుమార్తెవలన తెలిసెను. 2003లో ఆమెకును కేంద్ర ప్రభుత్వోద్యోగము లభించెను. కాగితములు నింపుచు స్వగ్రామమున్న చోట ఆమె ఢిల్లీ యని వ్రాసెను. తండ్రి చూచి నిర్ఘాంతపోయెను. “పనిచేసే ఊరే సొంతూరని రాస్తే ఊరికి వెళ్ళే రాయితీ పోతుందమ్మా” అనెను. నిబంధన నిజమే. కాని అతని కంఠము వణకినది రాయితీకొరకు కాదు. కుమార్తె నిదానముగా “నేను పుట్టి పెరిగింది ఇక్కడే కదా నాన్నగారూ. మన ఊరికి ఎప్పుడు వెళ్ళినా చుట్టంగానే వెళ్ళాను” అనెను. పది పన్నెండుమార్లు ఆమె ఆ పల్లెకు పోయినది. పోయిన ప్రతిసారి పదిదినములు. అచ్చటివారు ఆమెను “ఢిల్లీ పిల్ల” అనిరి. ఆమె చెప్పినదానిలో అబద్ధమేమియు లేదు.

2006లో అతడు పదవీ విరమణ చేసెను. విరమించినవానికి స్వగ్రామమునకు సామానుతో పోవు ఖర్చులు ప్రభుత్వమే యిచ్చును. అతడు ముప్పదియెనిమిదేండ్లుగా ఆ దినమునకై ఎదురుచూచినవాడు. సామానులో సగము మూటగట్టుకొని భార్యతో పల్లె చేరెను. నాలుగు నెలలు ఉండెను. చెరువు సగము పూడిపోయినది. తమ్ముడు ఇల్లు పడగొట్టి డాబా కట్టెను. ఎవరిదియు తప్పు లేదు. సాయంకాలము వంతెనమీద కూర్చుండినచో పలుకరించువారిలో సగముమంది అతడెవరో అడిగి తెలిసికొనెడివారు.

ఒకనాడు, వెనుక తల్లికి ఉత్తరములు వ్రాసిపెట్టిన ప్రక్కింటి పిల్ల కనబడెను. ఆమెకును తల నెరసినది, మనుమలు కలిగిరి. మాటల నడుమ ఆమె చెప్పెను: “అత్తయ్య ముందు అన్నీ రాయించేదన్నయ్యా. జ్వరం, మోకాళ్ళు, రాత్రిళ్ళు నిద్రపట్టకపోవడం. అంతా రాశాక ‘వద్దులే, కొట్టెయ్యవే, అంత దూరంలో వాడేం చేస్తాడు’ అనేది.” ఆ ఉత్తరములలో కొట్టివేతలు ఉండుట అతనికి జ్ఞాపకమే. వ్రాయసకత్తె చిన్నపిల్ల గనుక తప్పులు వ్రాసి కొట్టివేసెనని అతడు ఇన్నేండ్లును అనుకొనెను.

అడుగవలసినవాడు అడుగలేదు. చెప్పవలసినది కొట్టివేయబడినది. ఇద్దరును ప్రేమచేతనే అట్లు చేసిరి.

అతడు ఢిల్లీకి మరలి కుమార్తె చెంతనే నిలిచెను. పాత ట్రంకుపెట్టెలోని ఇన్‌లాండు ఉత్తరములు పైకి తీసెను. జరిగినది విని కుమార్తె వానిని చూడగోరెను. ఆమె తెలుగు చక్కగా మాటలాడును, చదువలేదు. తండ్రి పిల్లల చదువుకై ఎన్నియో చేసెను గాని, తెలుగు అక్షరములు “తరువాత నేర్చుకోవచ్చును” అని వాయిదా వేసెను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో ఏర్పడిన ఆంధ్ర విద్యాసంఘపు పాఠశాలలు ఆ నగరమందే యున్నను, బస్సు దూరమని పంపలేదు. ఇరువదియెనిమిదేండ్ల వయసున ఆ పిల్ల తండ్రియొద్ద అకారమునుండి మొదలుపెట్టెను. ఒత్తులు వచ్చుటకు మూడు నెలలు పట్టినది. ఆ పిమ్మట ఆదివారము మధ్యాహ్నములలో, కొట్టివేసిన పంక్తులను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, సిరాక్రింది మాటలను ఒక్కొక్కటిగా కూడబలుకుకొని చదివెను. తండ్రి వినెను. నాయనమ్మ మాట ఆ ఇంటిలో పదునారేండ్లకు మరల వినబడెను.

2016లో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు ఉద్యోగ నివాస కాలనీలను పునర్నిర్మించుటకు ఆమోదము తెలిపెను. వానిలో సరోజినీనగరు ఒకటి. పాత క్వార్టర్లు పడగొట్టబడెను. ఒకనాడు ఆ కుమార్తె తాను పుట్టి పెరిగిన వరుస ఉండవలసిన చోటికి పోయి, రేకుల కంచెకు ఇవతల కొంతసేపు నిలిచి వచ్చెను. ఇంటికి వచ్చి ఏమియు మాటలాడలేదు. తండ్రి ఏమియు అడుగలేదు. అన్నము వడ్డించుమని భార్యకు సైగచేసెను. ఆ బాధ అతనికి తెలియనిదా? ఆమె ప్రకటించిన స్వగ్రామము కూడ ఇప్పుడు కాగితముమీదనే మిగిలినది.

ఈ కథవలన తేలునదేమి? బెంగ రోగము కాదు, బలహీనతయు కాదు. అది ఒక ఋణము. ఋణమును తలచుకొని కన్నీరు పెట్టినంతమాత్రమున అది తీరదు. ఎవరికి చెల్లవలెనో వారికి, వారు బ్రదికియుండగా చెల్లింపవలెను. చెరువునకు, చెట్టునకు ఎవరును బాకీ లేరు. అరుగుమీద కూర్చున్న మనిషికి బాకీ కలదు.

నేడు సాధనములు పెరిగినవి. రాత్రి పదునొకండు దాటినచో చార్జీ తగ్గునని ఎస్.టి.డి. బూతుల ముందు వరుసలో నిలుచుండిన కాలము పోయినది. చేతిలోని ఫోనులో ముఖము కనబడును. అయినను ముఖము కనబడినంత మాత్రమున కొట్టివేతలు తొలగవు. “ఎలా ఉన్నావమ్మా” అన్నచో “బాగానే ఉన్నాను నాన్నా” అను జవాబు వచ్చును. ఆ జవాబు వెనుక నున్న పంక్తిని చదువుటకు మరియొక ప్రశ్న అడుగవలెను. మందులు వేళకు దొరకుచున్నవా? రాత్రి తోడెవరున్నారు? మెట్లు ఎక్కగలుగుచున్నావా? ఇట్టి ప్రశ్నలకు “బాగానే” అను జవాబు చాలదు.

పిల్లల విషయములో ఋణము మరియొక విధమైనది. తండ్రి ఊరిపై బెంగ పిల్లలకు వారసత్వముగా రాదు. రావలెనని కోరుటయు న్యాయము కాదు. వారి ఊరు వారికి వేరు. అయితే అక్షరములు ఇయ్యవచ్చును. అవి యున్నచో ఎన్నడో ఒకనాడు, తమకు పనిబడిననాడు, వారు నాయనమ్మ ఉత్తరమును తామే విప్పి చదువుకొనగలరు. ఆదివారము తెలుగు తరగతికి పిల్లలను పంపుట సంస్కృతిని ఉద్ధరించుటకని పెద్దమాటలు చెప్పనక్కరలేదు. ఇంటి పెట్టెలోని కాగితములు ఇంటివారికే తెలియని లిపిగా మారకుండుటకని చెప్పిన చాలును.

ఇంకొక సంగతి. ఎల్.టి.సి. గలవారి బెంగకు సెలవు కలదు, ఛార్జీ కలదు. పాలమూరునుండి దేశమంతట ఆనకట్టలకు, కట్టడములకు పోయిన కూలీలకు, షోలాపురము, భివండి మగ్గములపై బ్రదుకు నేతవారికి అట్టి నిబంధన ఏదియు లేదు. ఉద్యోగుల తెలుగు సంఘములు ఉగాదికి వేదికపై పద్యములు చదివించుటతోపాటు, తమ నగరములో కొత్తగా చేరిన ఒంటరి జవానును, ఆసుపత్రిలో రాత్రిపని చేయు తెలుగు నర్సును, కట్టడమునొద్ద గుడిసెలోనున్న పాలమూరు కుటుంబమును ఆ పూట భోజనమునకు పిలువగలవు. గదిలో నలుగురు బ్రహ్మచారులు వేపపువ్వు లేని పచ్చడి తిన్న దినములు మరవనివారికి ఈ పని ఎవరును నేర్పనక్కరలేదు.

సర్వీసు పుస్తకపు నిబంధనలు స్వగ్రామమును తేల్చుటకు నివాసమును గూర్చి, ఆస్తిని గూర్చి, బంధువులను గూర్చి అడుగును. అవి అడుగని ప్రశ్న యొకటి కలదు. “అచ్చట ఎవరైన ఎదురుచూచుచున్నారా?” ఆ ప్రశ్నకు అవునని జవాబు వచ్చినంతకాలము అది ఇల్లే, వచ్చు రాయితీకై ఆగక, దొరికిన సెలవులోనే పోవలసిన ఇల్లు. అవునను జవాబు మరియొక చోటినుండి వచ్చినచో ఆ చోటును ఇల్లని ఒప్పుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

ఆ ఉద్యోగి సర్వీసు పుస్తకములో స్వగ్రామము కడవరకు మారలేదు. మార్చుకొనుటకు అతనికున్న ఒక్క అవకాశమును అతడు వాడుకొనలేదు. అతని బల్లమీద ఇప్పుడు రెండు కట్టలు ప్రక్కప్రక్కన ఉండును: తల్లి ఉత్తరములు, తన మనియార్డరు ముక్కలు. ప్రొద్దుట కాఫీ అయిన పిమ్మట అతడు పల్లెకు ఫోనుచేయును. ఉత్తరములు వ్రాసిపెట్టిన ఆ ప్రక్కింటి చెల్లెలిని ముందుగా మోకాళ్ళనొప్పి సంగతి అడుగును. చెరువు సంగతి ఆ తరువాత.